గోనెపట్టా వెనక టేకు దర్బారు

బాత్‌రూంలో పాత కర్ర సామాను లేని ఇల్లు అసలు ఇల్లే కాదు! నవ్వకండి. వరంగల్ మొత్తంలో ఈ సత్యాన్ని కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. దానికి మా ఇంట్లోవాళ్లు నాకు సన్మానం కూడా చేశారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

జనం ఏం చేస్తున్నారు? స్నానాలగదిలో ఒక బకెట్టు, ఒక మగ్గు, గోడకొక మేకు. అంతే! మనిషి రోజూ తనతో తాను గడిపే ఒకే ఒక్క చోటికి ఇదా మర్యాద? మేకు ఉన్నచోట టేకు ఉండకూడదా?

అందుకే పాత సామాన్ల దుకాణాల మీద పడ్డాను. టేకు కనిపిస్తే చాలు, ఎవరో దొర నా చెవిలో "టేక్!" అని ఆర్డరు వేసినట్టే ఉంటుంది నాకు.

మొదట వచ్చింది కేసముద్రం షావుకారొకాయన వదిలించుకున్న బీరువా. సబ్బులకూ తువ్వాళ్లకూ అన్నమాట. వానలు పడగానే చెక్క నీళ్లు తాగి ఉబ్బింది, తలుపు బిగుసుకుంది. సబ్బులన్నీ లోపల, మేమంతా బయట. దసరా దాకా సెనగపిండితో రుద్దుకున్నాం. ఒంటికి ఎంత మంచిదో! ఈ రహస్యం సబ్బుల కంపెనీవాళ్లు మీకు చెబుతారా?

తరువాత ఆరాంకుర్చీ వచ్చింది. నల్లా కింద వేసుకుని, ఒళ్లంతా పిండి పట్టించి, ఒక్క కునుకు తీశాను. లేచేసరికి నల్లా బంద్. ఎండిన పిండితోనే ఆఫీసుకు పోతే మా హెడ్‌క్లర్కు ఎగాదిగా చూసి, "ఇంకా నూనెల ఎయ్యలేదా, ఆనందరావ్?" అన్నాడు. అసూయ!

ఇక అన్నిటికీ కిరీటం పల్పిట్. అంటే మా చర్చిలో పాదిరిగారు నిలబడి ప్రసంగం చేసే ఎత్తు బల్ల. సిమెంటుతో కొత్తది కట్టాక పాత టేకుదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నారు పెద్దలు. దేవుడి సామాను ఇంటికి తెచ్చుకోవడానికి అందరూ జంకారు. నేనా జంకేది? దాని పైపలకకు బొక్క కొట్టించి వాష్‌బేసిన్ దింపించడానికి వడ్రంగి ఉప్పలయ్యను పిలిచాను.

మా ఆవిడ దీనమ్మ అతనికి చాయ్ ఇస్తూ, "బొక్క తర్వాత కొట్టు గని ఉప్పలయ్యా, ముందుగాల గీ రూముకు తలుపు పెట్టు" అంది.

అవును, చెప్పడం మరిచాను. పెరట్లో ఉన్న మా బాత్‌రూంకు తలుపు లేదు. ద్వారబంధం ఉంది, బంధించేదే లేదు. ఇల్లు కట్టిననాటి నుంచీ గోనెపట్టా వేలాడుతోంది. నా తలపు తలుపు మీదికి పోలేదు. తలుపులో కళ ఏముంది చెప్పండి? బొక్కే కొట్టించి, పల్పిట్‌ను లోపల నిలబెట్టించాను.

పైగా ఆ పట్టా వల్ల మాకొక ఆనవాయితీ ఏర్పడింది. లోపల ఉన్నవాళ్లు కీర్తన పాడుతూనే ఉండాలి. పాట వినిపిస్తే మనిషి ఉన్నట్టు, ఆగితే ఖాళీ అన్నట్టు. దీనమ్మా, ఇంటర్ చదివే మా అమ్మాయి అరుణా చీకటితోనే లేచి, పుక్కిలించడానికి కూడా భయపడుతూ గొంతెత్తి పాడేవాళ్లు. ఒక ఆదివారం పాదిరిగారు, "ఆనందరావు గారి ఇల్లు చూసి నేర్చుకోండి. పొద్దు పొడవకముందే స్తుతిగానం" అని సంఘమంతా వినేలా మెచ్చుకున్నారు. నేను లేచి నిలబడి చేతులు జోడించాను. ఆడవాళ్ల వైపు నుంచి దీనమ్మ చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాను.

ఇంతలో తొర్రూరు నుంచి మా అత్తగారు కృపమ్మ దిగారు. మోకాళ్ల నొప్పులకు ఇక్కడి దవాఖానలో చూపిస్తూ తల్లిని కొన్నాళ్లు దగ్గర పెట్టుకోవాలని దీనమ్మకు ఎప్పటినుంచో కోరిక. ఆమె స్నానానికని పట్టా ఎత్తి, పల్పిట్‌ను చూసి, చెప్పులు విడిచి, కొంగు నెత్తిన కప్పుకుని, కాసేపు ప్రార్థన చేసుకుని, పొడిపొడిగానే బయటికొచ్చారు.

"దేవుని వాక్యం చెప్పే బల్ల ముందల నేను చీర ఇప్పాల్నా, అల్లుడా?"

"పాట అందుకోండి అత్తమ్మా, అలవాటైపోతది."

"పాడనీకి గొంతేడున్నది బిడ్డా? మోకాళ్లు పోతె పోయినయ్ గని, తొర్రూరు బస్సు ఎప్పుడున్నది?"

దీనమ్మ నాకు వినపడేట్టుగా అరుణతో, "అమ్మమ్మ యాడికీ పోదని మీ నాయినకు చెప్పు. ఏం పోతదో పొద్దుమీకినంక ఎరుకైతది" అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా రాతబల్ల పోయింది. అది మా మామగారు పెళ్లికి పెట్టిన పెద్ద టేకు బల్ల. ఉప్పలయ్య దాని పలకలు విప్పి, కోసి, అతికి, ద్వారబంధానికి బిగించేశాడు. సొరుగు పిడి ఇప్పుడు తలుపు పిడి. లోపల గడియ. నా సిరా మరకలన్నీ బయటివైపు. నాకు జరిగిన సన్మానం ఇదే. పాత కర్ర సామాను బాత్‌రూంకు వాడమని ఊరంతా చాటింది నేనే కదా!

రాతబల్ల ఉన్నచోట పల్పిట్‌ను నిలబెట్టారు. బేసిన్ బొక్క మీద అట్ట పరుచుకుని, ఇవాళ సెలవు కనుక నిలబడి రాస్తున్నాను ఇదంతా. ఇందాక అత్తగారు తడి జుట్టు ఆరబెట్టుకుంటూ అటుగా వచ్చి, బల్లను చూసి కొంగు నెత్తిన కప్పుకుని, "ఆడ నిలబడి అబద్ధాలు రాయకు, బిడ్డా" అని పోయారు.

కాబట్టి పైన మొట్టమొదటి వాక్యం కొట్టేసుకోండి. బాత్‌రూంకు కావలసిన కర్ర సామాను ఒక్కటే.

దీనమ్మ లోపలికి పోయి చాలాసేపయింది. మిట్టమధ్యాహ్నం. నీళ్లు పోసుకుంటున్న చప్పుడు తీరిగ్గా వస్తోంది. పాట లేదు.