ఇరవై నాలుగు అడుగుల గేటు

ఆ శనివారం ఉదయం కొలతల గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కార్ఖానా నుంచి ఒక పొట్లం వస్తుంది. భార్య కంట పడకుండా దాన్ని చొక్కా జేబులో వేసుకుని బుల్లి రైళ్ళ సంఘానికి చెక్కేయాలి. మర్నాడే సంఘం ప్రదర్శన. పెద్ద బల్ల మీద పట్టాలు, స్టేషను, సొరంగం అన్నీ సిద్ధమైపోయాయి. రోడ్డు పట్టాలను దాటే చోట గేటొక్కటే తక్కువ. ఆ గేటు తాను తెస్తానని గుమాస్తా నిండు సభలో మాటిచ్చాడు.

ఆయన సంఘంలో చేరి నాలుగు నెలలైంది. రక్తపోటు తగ్గాలంటే ఏదైనా సరదా పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. సంఘంలో చేరితే మనసు కుదుటపడుతుందని, ఓర్పు అలవడుతుందని, చేతికి పనితనం వస్తుందని వాళ్ళ కరపత్రంలో ఉంది. చిట్టచివర్న ‘ఇంట్లో గౌరవం పెరుగుతుంది’ అని కూడా ఉంది. ఆ చివరి ముక్క చూసే ఆయన సంతకం పెట్టేశాడు. భార్య మాత్రం ఆ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బీరువా కాలి కింద దూర్చింది.

సంఘానికి ఒక వింత నియమం ఉంది. ఏ వస్తువు గురించి మాట్లాడినా అసలు సైజులోనే చెప్పాలి. తమవన్నీ ఎనభై ఏడో వంతు బొమ్మలన్న సంగతి చేతికి తెలిస్తే చాలు, నోటికి తెలియకూడదు. వేలెడంత సిగ్నలుని పాతిక అడుగుల సిగ్నలు అనాలి. పొరపాటున ‘అంగుళం’ అన్న మాట నోరు జారిందా, లేచి నిటారుగా నిలబడి మూడుసార్లు ఇంజను కూత కూయాలి. గుమాస్తా మొదటి నెలలోనే నాలుగు విడతలు కూశాడు. ఆఖరిసారి సంఘం అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు, “గొంతు బాగుందండీ, ఇంకోసారి కానివ్వండి” అన్నాడు. ఆ దెబ్బతో అంగుళాలు గుమాస్తా బుర్రలోంచే చెరిగిపోయాయి.

అందుకే, తాను పనిచేసే చెక్క సామాను కార్ఖానాలో వడ్రంగి మేస్త్రికి చీటీ రాసేటప్పుడు, ‘రైల్వే గేటు ఒకటి, పొడవు ఇరవై నాలుగు అడుగులు, స్తంభాలు రెండు, ఎరుపు తెలుపు చారలు, శనివారం పొద్దున్నే మా ఇంటికి’ అని రాశాడు. ఆయన మనసులో ఉన్నది మూడు వేళ్ళ మధ్య పట్టే ముక్క. మేస్త్రి మాత్రం ముప్పై ఏళ్ళుగా గుమాస్తా చీటీ ప్రకారం చెక్క కోస్తున్నవాడు. చీటీని ప్రశ్నించడం ఆయన వంశంలోనే లేదు.

ఇక అదే ఉదయానికి భార్య వేసుకున్న పథకం ఇంకొకటి. ఆవిడ ఆ వీధి సంఘానికి కార్యదర్శి. వీధిలో ఒక్క స్పీడ్ బ్రేకరు వేయించండి మహాప్రభో అని మూడేళ్ళుగా మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతోంది. ఇది అడ్డదారి అని ఎవడు కనిపెట్టాడో గాని, బళ్ళు ఇంటి గోడలు రాసుకుంటూ పోతున్నాయి. రెండేళ్ళ కిందట ఒక మోటారు సైకిలు గుమాస్తా తల్లి చేతికర్రను ఎగరేసుకుపోయింది. ఆ ముసలావిడ ఆ రోజు నుంచి గడప దిగలేదు. ఎదురింట్లోనే ఉన్న సొంత చెల్లెలితో మాటలన్నీ వసారాలోంచి కేకలే. మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి కోడళ్ళ మీద ఫిర్యాదుల దాకా వీధి వీధంతా వింటోంది.

“పదింటికి ఇంజనీరు వస్తున్నాడు. బళ్ళు ఎలా దూసుకుపోతాయో కళ్ళారా చూడాలి. ఇవాళ ఎంత వేగంగా పోతే మనకంత మంచిది. మీరు మీ బొమ్మలు పట్టుకుని అడ్డం రాకండి,” అంది భార్య.

“నేనెందుకొస్తాను, జేబులో పట్టేదానికి,” అన్నాడు గుమాస్తా.

ఎనిమిదింటికి రావలసిన పొట్లం తొమ్మిదిన్నరకి లారీలో వచ్చింది. ఆరుగురు హమాలీలు చెమటలు కక్కుతూ దించారు. అది రైల్వే గేటే. నిలువెత్తు స్తంభాలు, తాటిదూలమంత అడ్డకర్ర, మిలమిలలాడే చారలు. మేస్త్రి పనితనానికి వంక పెట్టడానికి లేదు.

“ఇదేంటయ్యా?” అన్నాడు గుమాస్తా పీలగా.

“మీరు రాసిందే సార్. రంగు తడారలేదు, కింద పడుకోబెడితే మట్టంటుకుంటుంది,” అని, వాళ్ళు వీధికి అటొకటి ఇటొకటి స్తంభాలు నిలబెట్టి, వాటి మీద అడ్డకర్ర ఆనించారు. వీధి వెడల్పుకి కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఇంకో లోడుందని చెప్పి లారీ ఎక్కి వెళ్ళిపోయారు.

గుమాస్తా ఒక కొస పట్టుకుని ఎత్తబోయాడు. గేటు కదల్లేదు గాని చొక్కాకి చారలు దిగాయి. ఇంతలో ఒక ఆటో రయ్యిన వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, కాళ్ళు బయటికి చాపుకుని, “ఏ బండి?” అని అడిగాడు.

“పదీ ఐదు మెయిలు,” అన్నాడు గుమాస్తా అలవాటుగా.

“లేటా?”

“మా లైన్లో లేటన్నది ఉండదు,” అన్నాడు గుమాస్తా, కాస్త పౌరుషంగానే.

ఆటో వెనక వ్యాను, వ్యాను వెనక బస్సు, అటువైపు నుంచి మోటారు సైకిళ్ళు. అందరూ బుద్ధిగా ఆగారు. తలలు కుడివైపు తిప్పి, ఎడమవైపు తిప్పి చూస్తున్నారే గాని, పట్టాలేవని అడిగినవాడు లేడు.

భార్య వాకిట్లోకి వచ్చి చూసింది. “ఏమండీ, తీసేయండి దీన్ని.”

“ఆరుగురు కావాలే.”

ఆవిడ ఇంకేదో అనబోయేలోపే, ఆగిన బళ్ళ మధ్య నుంచి ఫైలు చంకలో పెట్టుకుని ఇంజనీరు నడుచుకుంటూ వచ్చాడు. అటూ ఇటూ కలియజూశాడు. “వేగం వేగం అని ఇన్ని అర్జీలు పెట్టారు గాని, ఇక్కడ ఒక్క బండైనా కదుల్తోందా అమ్మా? అవసరం లేదని రాసేస్తున్నాను,” అని కలం తీశాడు.

భార్య మొహం పాలిపోయింది. బళ్ళు ఆగాయని వసారాలో చేతికర్ర అందుకున్న గుమాస్తా తల్లి అది విని దాన్ని మళ్ళీ గోడకి ఆనించింది. మూడేళ్ళ కష్టం తన చీటీ వల్ల మట్టికొట్టుకుపోతోందని గుమాస్తాకి అర్థమైంది. ఏదైతే అదైంది, నిజం చెప్పేద్దామనుకున్నాడు.

“అయ్యా, తప్పు నాది. అసలిది మూడంగుళాలు ఉండాలి,” అన్నాడు.

ఆ మాట తన చెవిన పడగానే వెన్ను దానంతటదే నిటారుగా లేచింది. వద్దనుకుంటూనే మూడుసార్లు గట్టిగా కూత కూశాడు.

“వచ్చేస్తోంది,” అన్నాడు ఆటో డ్రైవరు. జనమంతా నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఇంజనీరు ఆరడుగులు జరిగాడు. వీధి నడిబొడ్డు ఖాళీ అయిపోయింది.

ఆ ఖాళీని చూసింది గుమాస్తా తల్లి. చేతికర్ర తీసుకుని గడప దిగి, ఎవరివంకా చూడకుండా, గేటు పక్కనుంచి తన నడకన తాను వీధి దాటింది. ఎదురింటి మెట్ల మీద చెల్లెలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. రెండేళ్ళకి మొదటిసారి అక్కచెల్లెళ్ళు మెల్లగా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వీధికి వినపడలేదు. గుమాస్తా కళ్ళు తుడుచుకుంటే మొహానికి కూడా ఎరుపంటింది.

ఇంజనీరు కలం మాత్రం గాల్లోనే ఆగిపోయింది. “ఈ లైను మీద రోజుకి ఎన్ని బళ్ళు?” అన్నాడు గొంతు తగ్గించి.

“పద్నాలుగు,” అన్నాడు గుమాస్తా. సంఘం లెక్క ప్రకారం అది అక్షరాలా నిజం.

“రైల్వే గేటుంటే అటూ ఇటూ స్పీడ్ బ్రేకర్లు ఉండి తీరాలని మా రూలు. ఇక్కడ ఒక్కటీ లేదే!”

భార్య ఒక్క క్షణం గేటు వంక, ఒక్క క్షణం మొగుడి వంక చూసింది. “మూడేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదేనండీ,” అంది.

“ఈ సంగతి పైవాళ్ళకి తెలుసా?”

“ఇంకా చెప్పలేదండీ. మీరే చూసుకుంటారని.”

ఇంజనీరు నుదురు తుడుచుకుంటూ వచ్చిన దారినే వెళ్ళాడు. కాసేపటికి ఆటో డ్రైవరు, “వెళ్ళిపోయిందా?” అని అడిగాడు. వెళ్ళిపోయిందన్నాడు గుమాస్తా. తాము చూడలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. పదిమందీ కలిసి గేటు ఎత్తి గోడవార పెట్టి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. సాయంత్రానికల్లా వీధికి రెండు స్పీడ్ బ్రేకర్లు పడ్డాయి. భార్య అడిగింది ఒక్కటే.

ఆదివారం ప్రదర్శనలో గేటు బదులు అగ్గిపుల్ల పెట్టి కానిచ్చారు. గుమాస్తా తలొంచుకుని ఇంటికొచ్చేసరికి భార్య బీరువా దగ్గర కూర్చుని, ఆ కరపత్రం మడతలు విప్పి శ్రద్ధగా చదువుతోంది.

“ఏమండీ, మీ సంఘంలో వీధి దీపాలు కూడా ఉంటాయా?”

“ఉంటాయి. పద్దెనిమిది అడుగులవి.”

“మరి ఆడవాళ్ళని చేర్చుకుంటారా?” అంటూ కరపత్రం అడుగున మిగిలి ఉన్న రెండో సభ్యత్వ పత్రాన్ని చింపి, నింపి, సంతకం పెట్టింది. ఆ రాత్రి ఆయనకి కాఫీ అడక్కుండానే వచ్చింది.

బీరువా మాత్రం ఆనాటి నుంచి మళ్ళీ ఊగుతోంది.