అమ్మకానికి జీపు: వాడుకునేవారికి మాత్రమే

యంత్రం పనికోసం పుట్టింది, పూజకోసం కాదు! ఈ మహావాక్యాన్ని నేను కలార్కా ఉన్నత పాఠశాల నల్లబల్ల మీద ముప్పై నాలుగేళ్లపాటు రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. ఏటా జూలైలో ఊళ్ళో డ్రైవర్లందరూ హారన్లు మోగించుకుంటూ తమ బండ్లను డ్రైవర్ల రక్షకురాలైన కార్మెన్ మాత ఆశీస్సులకు తీసుకువెళ్తారు. ఆ రోజున నేను కిటికీ మూసుకొని పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి. తీర్థజలం ఇనుమును తుప్పు పట్టిస్తుందే తప్ప రక్షించదని ఫాదరుగారితో నడిబజారులో వాదించాను. వాదన ముగిశాక ఆయన ఖర్చుతోనే కాఫీ తాగి వచ్చాను.

అటువంటి నేను నా 1954 నాటి విలీస్ జీపును అమ్మదలచుకున్నానంటే, అందులో భావోద్వేగం లేశమైనా లేదని పాఠకులు గ్రహించగలరు. కారణం శుద్ధ శాస్త్రీయం. నా కుడి భుజం గేరుకడ్డీకి సహకరించడం మానేసింది. నేను నడపలేకపోతే జీపు పనిచేయదు. పనిచేయనిది యంత్రం కాదు. యంత్రం కానిది నా షెడ్డులో ఉండరాదు. అంతే!

పాత ఇనుము కొట్టులో కోళ్లు గుడ్లు పెడుతుండగా దాన్ని కొన్నాను. కోళ్లను దింపి, తొమ్మిదేళ్లు దాని మీద పనిచేశాను. ఇంజన్ ముక్కముక్కలుగా విప్పి మళ్ళీ కట్టాను. అడుగు చెక్కలను కోసి, నునుపు చేసి, నూనె పట్టించాను. కాఫీ చెట్ల ఆకుపచ్చ రంగు కుదరలేదని పదకొండుసార్లు కలిపాను. ఎవరి కంటికీ కనబడని బోల్టులకు సైతం మెరుగు పెట్టాను.

"నా పెళ్లి ఉంగరానికి ఏనాడైనా ఆ మెరుగు పెట్టారా?" అంది మా ఆవిడ ఒదీలియా.

"ఉంగరానికి ఘర్షణ సమస్య లేదు" అన్నాను.

రొట్టెల దుకాణం తలుపు మీద ప్రకటన అంటించాను. "జీపు అమ్మబడును. వాడుకునేవారికి మాత్రమే. ఆరాధకులు, అలంకారప్రియులు రానవసరం లేదు. ఇట్లు, ఆబ్దోన్ మాస్టారు, విశ్రాంత భౌతికశాస్త్ర బోధకుడు."

మొట్టమొదట అలంకారప్రియుడే వచ్చాడు!

దోన్ ఎవెలియోకు ఊళ్ళో స్నానాలగది పలకల దుకాణాలు మూడున్నాయి. ఊరిబయట 'పూర్వీకుల కాఫీ తోట' అని కొత్త హోటలు కట్టించాడు. తోటా కొత్తదే, పూర్వీకులు అంతకంటే కొత్తవాళ్లు. చంకలో ఒక ఫోటో పెట్టుకొని వచ్చాడు. అందులో పెద్ద టోపీ పెట్టుకున్న మీసాలాయన ఎవరో కోపంగా చూస్తున్నాడు.

"మా తాతగారు మాస్టారూ! ఈ కొండల్లో మొదటి జీపు తోలింది ఆయనే."

"మీ తాతగారు పక్కనున్న అర్మేనియా పట్నంలో దర్జీ కదండీ? మా నాన్న ప్యాంట్లు కుట్టేవాడు. జీపెక్కితే వాంతి చేసుకునేవాడని చెప్పేవారు."

"అది మరో తాత" అన్నాడు దోన్ ఎవెలియో, ఏమాత్రం తడుముకోకుండా. "జీపు హోటల్లో అద్దాల గదిలో ఉంటుంది. గాలి కూడా తగలదు. ఒక్కటే చిక్కు. మరీ కొత్తగా మెరిసిపోతోంది. ఇంత మెరిస్తే తాత ఎలా నమ్మకం కలిగిస్తాడు చెప్పండి? కాస్త తుప్పు పట్టించి ఇవ్వగలరా?"

"తుప్పుకు ఇనుము, నీరు, ప్రాణవాయువు కావాలి. మీ తుప్పుకు అదనంగా ఒక తాతగారు కావాలి. నా దగ్గర లేరు. వెళ్లి రండి!"

ఆ సాయంత్రం కూడలిలోని కాఫీ కొట్టు దగ్గర ఈ సంభాషణను నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి నా సమాధానాలు మరింత పదునెక్కాయి.

మర్నాడు నూబియా వచ్చింది. నా పాత విద్యార్థిని. భౌతికశాస్త్రం రెండుసార్లు తప్పి, మూడోసారి నా విసుగు వల్ల గట్టెక్కింది. బజారు నుంచి ఎల్ సిలెన్సియో గుట్ట మీదికి జీపు తోలుతుంది. ఆ గుట్ట మీద పదిహేడు ఇళ్లు, ఒక్కదానికీ కాఫీ గింజలు ఆరబోసే కళ్లం లేదు. కడిగిన గింజలను తడిమీదనే కిందికి చేర్చాలి. ఒక్కరోజు ఆలస్యమైతే పులిసిపోతాయి, కొనేవాడు ముక్కు మూసుకుంటాడు.

"నా బండి చట్రం విరిగిపోయింది మాస్టారూ. ఇక అతుకు పడదన్నారు. సోమవారం నుంచి కాఫీ కోత. జీపు లేకపోతే పదిహేడిళ్ల పంటా గుట్ట మీదే కంపుకొడుతుంది. మీ ప్రకటన చూశాను, వాడుకునేవాళ్లకే అన్నారుగా. నాకంటే వాడుకునేదాన్ని చూపించండి!"

ఆహా! నా సిద్ధాంతం రెండు కాళ్ల మీద నడిచి వచ్చి నా గుమ్మంలో నిలబడింది! తక్షణం తాళంచెవి ఇవ్వవలసింది. అయితే శాస్త్రంలో తొందరపాటు కూడదు. ముందుగా మౌఖిక పరీక్ష పెట్టాను.

"గురుత్వ కేంద్రం వెనుక ఇరుసును దాటి వెనక్కి పోతే ఏమవుతుంది?"

"ముందు చక్రాలు లేస్తాయి. జనం ఈలలేస్తారు."

"అర మార్కు."

"అప్పుడూ అంతే ఇచ్చారు" అంది నూబియా. "సరే, లోడు పరీక్ష చేద్దాం పదండి."

మా కొండల్లో జీపును టైరు తన్ని కొనరు. నెత్తికెత్తుకోగలిగినంతా దాని నెత్తికెత్తి, వెనుక కాళ్ల మీద నిలబెట్టి మరీ కొంటారు. ఏటా ఉత్సవంలో జీపులన్నీ అలాగే సంసారాలను మోసుకొని, ముందు చక్రాలు గాల్లోకెత్తి, కూడలి చుట్టూ గుర్రాల్లా నడుస్తాయి. అంతటి ఆచారాన్ని నేను కాదనగలనా? కాదనలేదు. కొన్ని స్వల్ప నిబంధనలు మాత్రం విధించాను. అరటిగెలలను వార్తాపత్రికల్లో చుట్టాలి. బస్తాలను విసరరాదు, పడుకోబెట్టాలి. ఎక్కేవాళ్లు బూట్లు విప్పాలి. అడుగు చెక్కల మీద మా ఆవిడ అల్లిన పెళ్లినాటి దుప్పటి పరిచాను.

"బారసాల చేస్తున్నారా ఏమిటి?" అంది ఒదీలియా గుమ్మంలో నిలబడి.

బస్తాలెక్కాయి. గెలలెక్కాయి. ఇనుప మంచం, ముక్కాలిపీట, రుబ్బుడు మర, కోళ్ల గంప ఎక్కాయి. వెనుక బంపరు మీద నలుగురు జోళ్లు విప్పి, ఒట్టి మేజోళ్లతో నిలబడ్డారు. నేను పరిశీలకుడి హోదాలో నూబియా పక్కన కూర్చున్నాను. ఆమె క్లచ్ వదిలి, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కింది.

నా జీపు లేచింది! ముందు చక్రాలు నిబ్బరంగా ఆకాశం చూశాయి. నూబియా స్టీరింగు వదిలేసి, తలుపు పక్క నుంచి కిందికి దూకి, దాని వెంట చప్పట్లు కొడుతూ నడవసాగింది. జీపు తనంతట తాను గిరగిరా తిరుగుతోంది, లోపల నేను తిరుగుతున్నాను, కోళ్లు అరుస్తున్నాయి, వీధి వీధంతా ఈలలు! మూడో చుట్టులో నేను కూడా ఈల వేశానని ప్రత్యక్ష సాక్షులు అంటున్నారు. నేను ధ్రువీకరించను.

చక్రాలు నేల తాకాయి. నూబియా ముఖం వెలిగిపోతోంది. "ఇదే మాస్టారూ! ఇదే నా బండి!"

అప్పుడు చూశాను. అరటిగెల కాడ పత్రిక చించుకొని వచ్చి, ఆకుపచ్చ రంగు మీద ఒక గీత గీసింది. పొడవు రెండంగుళాలు, లోతు వెంట్రుక మందం. నా గుండెలో ఏదో... కాదు, గుండె ఒక పంపు మాత్రమే. ఆ పంపు కాసేపు లయ తప్పింది.

"నూబియా," అన్నాను గంభీరంగా, "లోహం అలసట అనేదొకటుంది. ఈ ఫలితాలను విశ్లేషించాలి. ఓ ఏడేళ్ల పరిశీలన అవసరం."

"ఏడేళ్లా! సోమవారం నుంచే కోత అన్నానుగా!"

"శాస్త్రానికి సోమవారాలుండవు."

"అప్పుడు ప్రశ్న అర్థం కాక తప్పాను మాస్టారూ. ఇప్పుడు జవాబు తెలిసినా మీరు నన్ను తప్పిస్తున్నారు" అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను తర్కించాను. జీపుకు గాలి కూడా తగలని చోటు లోకంలో ఒక్కటే ఉంది, దోన్ ఎవెలియో అద్దాల గది! శనివారం పొద్దున్నే ఆయన దుకాణానికి వెళ్లాను. ఆయన ఎగిరి గంతేశాడు. కోరింది ఒక్కటే. ఈ జీపును మొదట తోలింది ఆయన తాతగారేనని నేను సంతకం పెట్టాలి. ఆబ్దోన్ మాస్టారు అబద్ధమాడడని ఊరంతటికీ తెలుసు కదా!

నేను అబద్ధమాడలేదు. జీవశాస్త్రం ప్రకారం మానవులందరికీ పూర్వీకులు ఉమ్మడి. కనుక జీపును మొదట తోలినవాడెవడైనా దోన్ ఎవెలియోకు ఏదో వరుసన తాతే అవుతాడు. ఇంత బలమైన సాక్ష్యం న్యాయస్థానాల్లో కూడా దొరకదు!

ఆ మధ్యాహ్నమే సంతకాలకు నోటరీ కార్యాలయంలో కూర్చున్నాం. గుమాస్తా పత్రాలు పరిచాడు. నా పక్కన ఒదీలియా కూర్చుంది. నేను ఒక షరతు రాయించాను: "కొనుగోలుదారు ఈ వాహనమును ఎట్టి పరిస్థితులయందును వాడరాదు." గుమాస్తా కళ్లజోడు సర్దుకొని, "వాడరాదనేనా?" అని రెండుసార్లు అడిగాడు.

అప్పుడే తలుపు తోసుకొని నూబియా వచ్చింది. ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఒదీలియా మాత్రం సీలింగు ఫ్యాను వైపు చూస్తోంది.

"దోన్ ఎవెలియో! పాతగా కనబడాలన్నారటగా? ఈ కోత కాలమంతా నాకివ్వండి. రోజుకు రెండు ట్రిప్పులు. సొట్టలు, గీతలు, బురద, పెట్రోలు ఖర్చు అన్నీ నావే. క్రిస్మస్‌కల్లా మీ తాతగారు తోలినట్టుంటుంది. వచ్చే ఏటి కోత కూడా ఇస్తే ముత్తాతగారు కూడా దిగుతారు!"

దోన్ ఎవెలియో కళ్లు చెమర్చాయి. "అసలు సిసలు సొట్టలు!" అన్నాడు భక్తిగా. "మా హోటలు అతిథులను కూడా బస్తాల మీద కూర్చోబెట్టి తీసుకెళ్తావా అమ్మాయ్?"

"వాళ్లు బస్తాలు మోస్తానంటే తీసుకెళ్తా!"

"ఆ షరతు కొట్టేయండి" అన్నాడాయన గుమాస్తాతో.

"వీల్లేదు!" నేను లేచి నిలబడ్డాను. "ఇది దుర్వినియోగం! ఘోరమైన దుర్వినియోగం!"

"ఏదండీ దుర్వినియోగం?" అంది ఒదీలియా నెమ్మదిగా. "జీపుతో పని చేయించడమా?"

గదిలో అందరూ నన్నే చూశారు. గుమాస్తా కలం పట్టుకున్నాడు. "విక్రేత అభ్యంతరానికి కారణం రాయాలండి. వాహనంలో లోపమేమైనా ఉందా?"

"లోపమా! నా జీపులోనా!"

"మరి కారణం?"

ముప్పై నాలుగేళ్ల భౌతికశాస్త్రాన్ని తిరగేశాను. న్యూటన్ సూత్రాలు మూడూ వెదికాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. నోట్లోంచి మాత్రం ఒక మాట దానంతటది వచ్చేసింది.

"దానికి నొప్పి పుడుతుంది."

ఎవరూ నవ్వలేదు. గుమాస్తా అక్షరం పొల్లుపోకుండా రాసుకొని, తలెత్తి, "ఎక్కడండీ?" అన్నాడు.

"ముందు కుడి స్ప్రింగులో," అన్నాను. "వాన పడే ముందు మరీ ఎక్కువ."

నూబియా నా ముందుకు వచ్చి అరచేయి చాపింది. "గుంతల దగ్గర మెల్లగా పోనిస్తాను మాస్టారూ."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. "నిజంగానే మెల్లగా పోనిస్తావా?" అని అడిగాను.