హ్యూబర్ట్ తెరిచిన కిటికీ

శనివారం పొద్దున టీ తాగుతూ హ్యూబర్ట్ టోలీ తీర్మానించుకున్నాడు, మధ్యాహ్నంలోగా గోడలో కిటికీ తెరవాలని. ఇంగ్లండులోని బాత్ నగరంలో రెండు వందల ఏళ్ల కిందట ఒకే ముఖంతో కట్టిన ఇరవై ఇళ్ల వరసలో ఆయనది ఏడో నంబరు. మేడమీది గదికి ఏటవాలు వీధివైపు మూడు కిటికీలు. ఎడమది మాత్రం పేరుకే కిటికీ. బయట గట్టు, అంచులు అన్నీ ఉన్నాయి, మధ్యలో రాయి. తుంటి విరిగి కుర్చీకే పరిమితమైన భార్య డోర్కస్, పల్లం నుంచి వచ్చేవాళ్లను కుడి కిటికీలోంచి చూస్తుంది. మిట్ట నుంచి వచ్చేవాళ్లు ఆమెకు తెలియకుండానే వెళ్లిపోతున్నారు. అదే ఆమె బాధ. ఆమె బాధే ఆయన బాధ.

"అది మొదట్నుంచీ రాయేనేమో, హ్యూబర్ట్."

"నీకు తెలీదులే. కిటికీకింతని పన్నేసిన రోజుల్లో ఎవడో పిసినారి మూయించుంటాడు."

వరస మొత్తానికీ చరిత్ర చెప్పేది ఆయనే. వాస్తుశిల్పి గీసిన పటం నకలుకు ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర వేలాడదీశాడు కూడా. బయటి రాయిని ముట్టుకుంటే నగరపాలక సంస్థ ఊరుకోదు గనక లోపలినుంచే మొదలుపెట్టాడు. మూడు ఇటుకలు బుద్ధిగా వచ్చాయి. నాలుగోదాని వెంట బిందెడు మసి, దాని వెనకే పొగ వచ్చాయి.

ఆ కాలంలో వాస్తుశిల్పి వరస అందం కోసం కొన్ని ఉత్తుత్తి కిటికీలు కలిపి ముందు ముఖం గీసిచ్చేవాడు, వెనక ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకునేవారు. అందుకని ఆ కిటికీ వెనక ఉన్నది పక్కింటి మిస్ సెలిక్ పొగగొట్టం. ఆవిడ అప్పుడే చలిమంట వేసుకుంది. హ్యూబర్ట్ తడి దుప్పటి తెచ్చి కన్నంలో కుక్కేసరికి పొగంతా వెనక్కి తిరిగి ఆవిడ హాల్లో దూరింది. ఆవిడ ఫైరింజనును పిలిచింది. ఫైరింజనును చూడటానికి వరసంతా వీధిలోకొచ్చింది. వరసంతా వీధిలో ఎందుకుందోనని, అటుగా వెళ్తున్న పాత కట్టడాల అధికారిణి మిసెస్ ఓక్‌షాట్ ఆగింది.

హ్యూబర్ట్ మసి మొహంతోనే పటం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చూడండి మేడమ్, ఇక్కడ కిటికీ ఉంది. నేను కొత్తగా ఏం చెయ్యలేదు, పాతదే తెరిచాను."

ఆవిడ భూతద్దం తీసింది. అసలు కిటికీలకు వాస్తుశిల్పి అద్దాల గీతలు గీశాడు, ఉత్తుత్తివాటిని ఖాళీగా వదిలేశాడు. ఏడో నంబరులో ఎడమది ఖాళీగా ఉంది. కుడిదీ ఖాళీగానే ఉంది.

"మరి కుడిది ఎవరు తెరిచారండీ?"

"మేం కొనేనాటికే ఉంది."

"అనుమతి కాగితం ఉందా?"

లేదు. పన్నెండేళ్లుగా రోజూ ఆ పటం పక్కనుంచే మెట్లెక్కుతున్నాడు, ఒక్కనాడూ కళ్లజోడు పెట్టుకుని చూడలేదు. పైకెళ్లి డోర్కస్‌కు ఏమని చెప్పాలో ఆయనకు తోచలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఆమె కుడి కిటికీలోంచి అంతా వినేసింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఎడమ కన్నం పూడ్చారు, కుడి కిటికీలో రాయి బిగించారు. మధ్య కిటికీలోంచి ఎదుటి తోట కంచె తప్ప ఏమీ కనబడదు. చేసిన పాపానికి హ్యూబర్ట్ రోజూ పొద్దున గుమ్మం ముందు నిలబడి, మిట్ట నుంచి ఎవరొచ్చారో, పల్లం నుంచి ఎవరొచ్చారో చూసి, పైకొచ్చి భార్యకు చెబుతున్నాడు. ఎట్టకేలకు ఆమెకు రెండు దిక్కుల కబుర్లూ అందుతున్నాయి.

కిటికీ అయితే మధ్యమధ్యలో చరిత్ర చెప్పేది కాదని మాత్రం అంటుంది.