గోడెక్కిన ర్యాంపు

చోడవరంలోని మా సంఘం చర్చికి చక్రాల కుర్చీ ర్యాంపు ఒకటి సమకూరిందనీ, దానిని అందరికీ కనబడేలా గోడకు బిగించామనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ర్యాంపు నేల మీద కదా ఉండాలి అని మీకు అనుమానం రావచ్చు. అలాంటి అనుమానాలు కమిటీలో లేనివారికే వస్తాయి. నేను కమిటీలో ఉన్నాను.

మొదటి నుంచి చెబుతాను. మా చర్చికి మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. తాతల నాడు కట్టించినవారికి మందిరం రోడ్డు కంటే ఎత్తున ఉండాలని తోచింది గానీ, కాలు లేనివారు కూడా వస్తారని తోచలేదు. మణెమ్మగారికి నిరుడు షుగరు ముదిరి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆవిడ రిటైరైన నర్సు. మా కమిటీలో ఐదుగురికి చిన్నప్పుడు సూదులు వేసింది ఆవిడే. కాబట్టి ఆవిడంటే మాకు గౌరవమూ ఉంది, కొంచెం భయమూ ఉంది.

కాలు పోయినా ఆవిడ చర్చి మానలేదు. ప్రతి ఆదివారం నలుగురు కుర్చీతో సహా ఆవిడను ఎత్తి లోపల పెట్టేవారు. ఆ నలుగురిలో చోటు కోసం పోటీ ఉండేది. మోసేది నలుగురైతే ఫోటోలు తీసేది ఆరుగురు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటోలకు వచ్చినన్ని దండాల బొమ్మలు పాస్టరుగారి ప్రసంగానికి ఎన్నడూ రాలేదు. ఒక ఆదివారం ఫోటో సరిగా పడలేదని ఆవిడను కిందికి దింపి మళ్లీ ఎత్తారు. అప్పుడు మణెమ్మగారు రెండు చక్రాలూ గట్టిగా పట్టుకుని ఒక మాట అన్నారు.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ ఒకటుంది. ఆ రోజు తీరిగ్గా మోద్దురు గాని. అందాకా నా సక్రాల మీద నేనే ఎల్తాను. కోత పండక్కి నా గుమ్మడికాయ నేనే అట్టుకెళ్లి బల్ల దగ్గిర ఎట్టాల."

కోత పండగంటే ఏడాదికొక ఆదివారం. పొలంలోనో పెరట్లోనో పండిన తొలి పంటను ఎవరికి వారు తెచ్చి, తమ చేతులతో లోపల బల్ల దగ్గర పెడతారు. నలభై ఏళ్లుగా మణెమ్మగారి గుమ్మడికాయ లేకుండా ఆ బల్ల నిండలేదు. ఆ కాయను ఆవిడ ఇంకొకరి చేతికి ఇచ్చిందీ లేదు.

ఆ మాటకు సంఘం కదిలిపోయింది. కదిలినప్పుడల్లా చేసే పనే చేసింది. కమిటీ వేసింది. ర్యాంపు ఎంపిక కమిటీకి రాజ్ కుమార్ గారు అధ్యక్షులు, సంఘ పెద్ద ఏసుదానంగారు సలహాదారు, నాతో కలిపి మొత్తం ఏడుగురం. మణెమ్మగారిని కూడా వేద్దామని ఎవరో అన్నారు. ఆవిడ కూర్చుని ఉండే మనిషి, ఇది తిరగాల్సిన పని అని నచ్చజెప్పాం.

ఏడుగురమూ విశాఖపట్నం వెళ్లాం. దుకాణంలో ప్రవల్లిక అనే అమ్మాయి, మెట్ల ఎత్తెంతండీ అని అడిగింది. మేము చర్చి పొడవు కొలుచుకుని వెళ్లాం, వెడల్పు కొలుచుకుని వెళ్లాం, ర్యాంపు దాచడానికి బీరువా కూడా కొలుచుకుని వెళ్లాం. మెట్లు కొలవలేదు. రాజ్ కుమార్ గారు మోకాలి మీద చెయ్యి పెట్టి, ఇంతుంటుందమ్మా అన్నారు. ఆ అమ్మాయి నవ్వకుండా టేపు తీసి ఆయన మోకాలు కొలిచింది.

తర్వాత ఓపిగ్గా చెప్పింది. అంగుళం ఎత్తుకు అడుగు చొప్పున పొడవుంటే మనిషి తనంతట తాను ఎక్కవచ్చట. పొట్టిదైతే నిటారుగా ఉండి కుర్చీ వెనక్కి తన్నేస్తుందట. పైన గరుకుండాలట, లేకపోతే వానలో చక్రం జారుతుందట. ఏడుగురమూ తలలు ఊపాం. ఆ పైన ఎంపిక మొదలుపెట్టాం. పొడవాటిది బీరువాలో పట్టదు కాబట్టి వద్దనుకున్నాం. గరుకుది నల్లగా ఉంది, దాని మీద పెయింటు నిలవదు కాబట్టి వద్దనుకున్నాం. చివరికి ఆరడుగులది, పుస్తకంలా మడిచేది, అద్దంలా మెరిసేది ఒకటి దొరికింది. ఏసుదానంగారు దాని మీద వేలితో తన పేరు రాసి చూసుకుని, ఇది బాగుందయ్యా అన్నారు.

తెలియనివారికి చెప్పాలి. మా చర్చిలో పేరు లేని వస్తువు లేదు. గడియారంలో ముళ్ల కంటే ఇచ్చినాయన పేరు పెద్దది. ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి. తిరిగేటప్పుడు కనబడవు గనక, కరెంటు పోయినప్పుడు అందరం పైకి చూసి వారిని స్మరించుకుంటాం. అలాంటిది ర్యాంపును ఉత్తినే ఎలా వదిలేస్తాం? పైన ఒక బైబిలు వాక్యం, కింద పదకొండు పేర్లు రాయించాం. పై చివర పేరు గొప్పదా, కింది చివర పేరు ముందు కనబడుతుందా అన్న చర్చకు రెండు వారాలు పట్టింది. ఏసుదానంగారు కింది చివర గెలుచుకున్నారు. ఏడో పేరు నాది, దాచడమెందుకు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కట్టి, రాజ్ కుమార్ గారు మాట్లాడారు. "ప్రియులారా, ఇది ఆరడుగుల అల్యూమినియం కాదు, మన ప్రేమ యొక్క పొడవు. ఈరోజు చోడవరం, రేపు రోలుగుంట, ఎల్లుండి కె.కోటపాడు. మెట్టు అనే మాటే లేని లోకం మన కమిటీ ధ్యేయం." చప్పట్లు ఆగాక మణెమ్మగారు ర్యాంపు దగ్గరికి వచ్చారు. ముందు చక్రం కింది చివర పేరుకు బెత్తెడు దూరంలో ఉండగా ఏసుదానంగారు చెయ్యి అడ్డుపెట్టారు.

"ఆగమ్మా. వాక్యం మీద సక్రం ఎక్కించీడవేనా? కాగితం కాలికి తగిల్తేనే కళ్లకద్దుకుంటాం గదా."

తన పేరు సంగతి ఆయన ఎత్తనే లేదు, అంతటి వినయం. అక్షరం కాలికి తగిలితే కళ్లకద్దుకోవడం మా ఊళ్లో చర్చికెళ్లేవారికీ గుడికెళ్లేవారికీ ఒకటే అలవాటు. మరి చక్రం మాత్రం కాలు కాదా? సంఘం చరిత్రలో మొదటిసారి ఐదు నిమిషాల్లో ఏకగ్రీవ తీర్మానం జరిగింది. ర్యాంపును తొక్కరాదు, గౌరవంగా చర్చి లోపలి గోడకు బిగించాలి. బిగించి దండ వేశాం. దాని కింద మణెమ్మగారిని కూర్చోబెట్టి ఫోటో తీశాం. అక్కడిదాకా ఎలా తీసుకెళ్లారంటారా, నలుగురం మోసుకెళ్లాం.

కోత పండగ వచ్చింది. మణెమ్మగారి పక్కింటి బంగార్రాజు చెరుకు తోలే ట్రాక్టరు మీద ఆవిడను దింపాడు. ఒళ్లో గుమ్మడికాయ. ఇస్త్రీ చొక్కాలతో నలుగురం ఎదురెళ్లాం. ఆవిడ చక్రాల మీద నుంచి చేతులు తియ్యలేదు. పోనీ కాయ ఇవ్వండి, మీ తరఫున పెట్టేస్తాం అన్నాం. కాయను ఇంకా దగ్గరగా పట్టుకున్నారు. లోపల పాట మొదలైంది. మెట్ల కింద ఎండలో కూర్చుని ఆవిడ ఆ పాటను సన్నగా అందుకున్నారు, రెండో చరణంలో ఆపి చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఊళ్లో అందరి పిల్లలనూ ఏడిపించిన మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది. కానీ తీర్మానం ఉంది.

బంగార్రాజు గుమ్మంలోంచి గోడకేసి చూసి, అదేటి బాబూ అని నన్నడిగాడు. వాక్యం సంగతీ, పేర్ల సంగతీ, గౌరవం సంగతీ వివరంగా చెప్పాను. అంతా విని, ట్రాక్టరు తొట్టిలోంచి రెండు చెక్కలు లాగాడు. చెరుకు మోపులు నెత్తిన పెట్టుకుని కూలీలు లారీ ఎక్కే చెక్కలవి. పద్నాలుగేసి అడుగులు, బురద పట్టి గరుకుగా ఉన్నాయి, ఎవరి పేరూ లేదు. మెట్ల మీద పక్కపక్కన ఆనించాడు.

"మోపుతోటి మనిసెక్కుతాడు దీని మీద. ఎక్కు పిన్నీ, ఎనక నేనుంటాను."

ఆవిడ ఎక్కారు. చెయ్యి మార్చి చెయ్యి తోసుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి, ఎక్కారు. బంగార్రాజు చేతులు కుర్చీకి దగ్గరగానే ఉన్నాయి గానీ తగల్లేదు. కాయ బల్ల దగ్గర పెట్టి మా వైపు తిరిగారు. చెమటకీ నవ్వుకీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఒరే, ఇదేరా నేనడిగింది."

సంఘం మళ్లీ కదిలిపోయింది. ఆ సాయంత్రమే బంగార్రాజును బతిమాలి చెక్కలు అడిగి తీసుకున్నాం. అంత పవిత్రమైన చెక్కలు బురదతో ఉండటం బాగుంటుందా? నున్నగా చిత్రిక పట్టించి, వార్నిషు వేయించి, ఒకదాని మీద వాక్యం, రెండోదాని మీద పేర్లు రాయించాం. ఇప్పుడు అవి ర్యాంపుకు చెరో పక్కనా గోడ మీద ఉన్నాయి. మొదటి పేరు బంగార్రాజుదే. అతను మాత్రం చెరుకు లోడు ఆగిపోయింది, నా సెక్కలేవని మూడుసార్లు వచ్చి అడిగాడు. గౌరవం కొందరికి అర్థం కాదు.

రెండో చెక్క మీద ఇంకా జానెడు చోటు మిగిలింది. ఇది చదివి అయ్యో పాపం అనుకున్నవారు తమ పేర్లు రాయించుకోవచ్చు, ఆదివారం ఉదయం స్వయంగా రావాలి. మెట్లు మూడే. మొదటి మెట్టు దగ్గర ఎండలో మణెమ్మగారు ఉంటారు, కాస్త పక్కనుంచి ఎక్కి రండి.