డెబ్బై రెండు గోల్సు

ఆ ఆదివారం పొద్దున లచ్చిరాం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంక్లైన్ కాలనీ క్లబ్బులో తెర కట్టాలి. జనాన్ని కూర్చోబెట్టి ఒక మంచి ఫుట్‌బాల్ మ్యాచ్ చూపించాలి. ఆ తరువాత గని మేనేజరు వచ్చి గ్రౌండులో బంతిని తన్ని ఫైనల్ ప్రారంభిస్తాడు. మధ్యాహ్నానికి తాను ఇంటికెళ్ళి, భార్య రూప్లి వండే కోడికూర తిని, ఫ్యాను కింద పడుకోవాలి.

లచ్చిరాం ఉద్యోగం బొగ్గు బాయి ల్యాంప్ రూములో. లోపలికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం అతని పని. క్లబ్బు ఆటల సెక్రటరీ పదవి దానికి అదనం. ఆ పదవికి ఎవరూ పోటీ చేయకపోవడంతో మంచి మెజారిటీతో నెగ్గాడు.

వీడియో ఆలోచన మేనేజరు జగదీష్‌ది. కిందటేడు ఫైనల్లో ఒక్క గోలు కూడా పడలేదు. ముఖ్య అతిథి కుర్చీలోనే గురక పెట్టాడు. "ఈసారి గోల్స్ పడాలె లచ్చిరాం. ముందుగాల బాగా గోల్స్ పడ్డ మ్యాచ్ ఏదన్నా చూపెట్టు. ప్లేయర్లకు జోష్ వస్తది" అన్నాడు మేనేజరు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఫైనల్‌కు వచ్చిన జట్లతోనే. ఒకటి కాలనీ జట్టు. రెండోది జూలూరుపాడు అవతలి తండా జట్టు. దాని గోల్‌కీపరు బద్యా, రూప్లికి స్వయానా తమ్ముడు. "మా బద్యాకు అన్యాలం జరిగిందంటే చూడు, ఇంట్ల పొయ్యి వెలగది" అని రూప్లి ముందే చెప్పింది. "బామ్మర్దికి సాయం జేసినవంటే చూడు, కాలనీల తిరగలేవు" అని కాలనీ కెప్టెన్ ముత్యాలు కూడా ముందే చెప్పాడు. బాయిలో పైకప్పుకు బోల్టులు బిగించే ముత్యాలు ఏది చెప్పినా గట్టిగానే చెబుతాడు.

లచ్చిరాం కూతురు భాను పాలిటెక్నిక్ చదువుతోంది. శనివారం సాయంత్రం ఆమె పరీక్షకు చదువుకుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, దునియాల అన్నిటికన్న ఎక్కువ స్కోరైన ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటది గదా, గది తీసి పెన్‌డ్రైవ్‌ల ఎయ్యి."

భాను పుస్తకంలోంచి తల పూర్తిగా ఎత్తకుండానే ఫోనులో ఏదో కొట్టింది. "దొరికింది డాడీ. పాతది. అరవైలల్ల ఆడింది. వాషింగ్టన్, న్యూయార్క్. డెబ్బై రెండు, నలభై ఒకటి."

"డెబ్బై రెండు గోల్సా!"

"అవ్ డాడీ. నన్ను సదువుకోనియ్యి."

లచ్చిరాం పెన్‌డ్రైవును జేబులో పెట్టుకుని, ఆ రాత్రి ప్రపంచ రికార్డును పక్కలో పెట్టుకున్నవాడిలా నిద్రపోయాడు. అందులో ఏముందో చూడాలని అతనికి తట్టలేదు. ఫుట్‌బాల్‌లో ఫుట్‌బాల్ కాక ఇంకేముంటుంది?

పొద్దున క్లబ్బు హాలు నిండిపోయింది. తండా జట్టు ఒకవైపు, కాలనీ జట్టు ఒకవైపు, వెనక ఆడవాళ్ళు. లచ్చిరాం మైకు తీసుకుని, "డెబ్బై రెండు గోల్సు పడ్డ మ్యాచ్! కండ్లు మూసి తెరిచేలోపల గోలు పడతది, ఎవరూ బయటికి పోవద్దు" అని ప్రకటించి బొమ్మ వేశాడు.

రంగు వెలిసిన తెర మీద కొందరు మనుషులు కనిపించారు. తలకు హెల్మెట్లు ఉన్నాయి. భుజాలు బియ్యం బస్తాలు మోస్తున్నట్టు ఉబ్బి ఉన్నాయి. అందరూ వంగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత ఏమైందో తెలియదు కాని, ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏమయింది? ఎందుకు కొట్లాడుతున్నరు?" అని తండా వైపునుంచి ఎవరో అడిగారు.

"మ్యాచ్ షురూ కాలే. గిది లొల్లి" అన్నాడు లచ్చిరాం.

లొల్లి ఎంతకూ ఆగలేదు. మధ్యలో ఒకడు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. ఆ బంతి గుండ్రంగా లేదు. రెండు చివర్లా ఎవరో పట్టి లాగినట్టుంది.

"బావా, బాల్‌ల గాలి పోయిందా ఏంది?" అన్నాడు బద్యా.

"వాడు చేత్తోని పట్టుకున్నడు! హ్యాండ్! రెఫ్రీ ఏడ సచ్చిండు?" అని ముత్యాలు లేచి నిలబడ్డాడు.

అంతలో ఆ చంకలో బంతివాడు గీత దాటాడు. రెఫరీ రెండు చేతులూ ఎత్తాడు. స్కోరు ఒక్కసారిగా ఆరు పెరిగింది. వెంటనే ఇంకొకడు వచ్చి బంతిని తన్నాడు. అది గోలు కట్టెకు పైనుంచి వెళ్ళిపోయింది. హాలంతా "అవుట్" అని అరిచింది. తెర మీద మాత్రం ఇంకొకటి కలిసింది.

అందరూ లచ్చిరాం వైపు తిరిగారు. మైకు చేతిలో ఉన్నవాడికి తెలియదని చెప్పే అవకాశం ఉండదు. "అమెరికాల గిట్లనే" అన్నాడు గొంతు సవరించుకుని. "బాల్‌ను కౌగిలించుకోని గీత దాటితే ఆరు. కట్టె మీదికెళ్ళి తంతే ఒకటి. మధ్యల పట్టుకొని పడగొట్టొచ్చు." ఏదో నోటికి వచ్చింది చెప్పాడు. అవే ఆ ఆట రూల్సని అతనికి ఆ క్షణంలో తెలిసి ఉంటే, అందరికంటే ఎక్కువగా అతనే ఆశ్చర్యపోయేవాడు.

సరిగ్గా ఆ సమయానికి మేనేజరు జగదీష్ లోపలికి వచ్చాడు. లచ్చిరాం చేయి ప్రొజెక్టరు స్విచ్చు మీదికి వెళ్ళింది.

"ఆపకు! ఆపకు!" అన్నాడు మేనేజరు. తెర మీది హెల్మెట్లను తన్మయంగా చూస్తూ నిలబడిపోయాడు. "వచ్చే వారమే రక్షణ పక్షోత్సవాలు. దానికి ముందే సేఫ్టీ సినిమా తెచ్చినవా లచ్చిరాం! చూసిన్రా అందరు? గంత మంది మీద పడ్డా ఒక్కనికి దెబ్బ తగల్లే. ఎందుకు? హెల్మెట్! మీరేమో బాయిల ఉన్నంతసేపే పెట్టుకుంటరు."

"సార్, గిది సేఫ్టీది కాదు సార్, అసలు..."

"నీకు గంత నమ్రత పనికిరాదు. ఇయ్యాల మ్యాచ్ గూడ గిట్లనే ఆడాలె. ల్యాంప్ రూంకు పోయి హెల్మెట్లు పట్కరా. నువ్వు మైకుల చెప్పిన రూల్సే రూల్స్. అప్పుడన్న స్కోరు పడతది."

లచ్చిరాం ల్యాంప్ రూముకు నడుస్తూ ఆలోచించాడు. తాను అడిగింది ఫుట్‌బాల్, కూతురు తెచ్చింది ఇంకేదో, మేనేజరు చూసింది మరొకటి. ఈ మూడింటిలో దేనికి తాను జవాబుదారో ఎంత ఆలోచించినా తేలలేదు. అందుకని హెల్మెట్లు లెక్కపెట్టకుండానే ట్రాలీలో వేసుకుని వచ్చాడు.

మ్యాచ్‌కు రెఫరీ రిటైరైన డ్రిల్లు మాస్టరు బసవపున్నయ్య. ఆయన విజిల్ వేశాడు. మొదట ఆటగాళ్ళు అలవాటు కొద్దీ కాళ్ళతోనే ఆడారు. ముత్యాలు హెడ్డింగు చేయబోతే బంతి హెల్మెట్టుకు తగిలి పోలీసు క్యాంపు రోడ్డు దాకా ఎగిరిపోయింది. తెచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. హెల్మెట్టు కళ్ళ మీదికి జారి ఒకడు రెఫరీనే గుద్దాడు. అప్పుడు గోలు దగ్గర నిలబడ్డ బద్యా చేతికి బంతి దొరికింది. దాన్ని చంకలో పెట్టుకుని, తెర మీది మనిషిలాగే, గ్రౌండు ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తాడు. ఆపాలని ఎవరికీ తోచలేదు.

బసవపున్నయ్య విజిల్ నోట్లో పెట్టుకుని లచ్చిరాం వైపు చూశాడు. "ఇదేందయ్యా? గోలా, ఫౌలా?"

ఒకవైపునుంచి రూప్లి చూస్తోంది. ఇంకొకవైపునుంచి ముత్యాలు చూస్తున్నాడు. లచ్చిరాం కళ్ళు మూసుకుని, "ఆరు" అన్నాడు.

ఆ తరువాత కాలనీవాళ్ళకు విషయం అర్థమైంది. ఇది కబడ్డీయే, కూత ఒక్కటే లేదు! కబడ్డీ రానివాడు ఆ గ్రౌండులో లేడు. పట్టుకోవడాలు, పడగొట్టడాలు, లేచి పరుగెత్తడాలు. స్కోరు ఆరు, పదమూడు, ఇరవై అంటూ ఎక్కింది. జనం కుర్చీలు వదిలి గీత దగ్గరికి వచ్చారు. మేనేజరు టై వదులు చేసుకుని, "పట్టు! నడుం పట్టు!" అని అరుస్తున్నాడు. కాలనీ ముప్పై నాలుగు, తండా ఇరవై ఎనిమిది ఉండగా, బద్యా మళ్ళీ బంతి పట్టుకుని పరుగెత్తాడు. గీత దగ్గర ముత్యాలు అతని కాళ్ళు పట్టుకున్నాడు. ముత్యాలు మీద తండావాళ్ళు, వాళ్ళ మీద కాలనీవాళ్ళు పడ్డారు. బసవపున్నయ్య విజిల్ మీద విజిల్ వేశాడు.

అప్పుడే ఒక ఆటో రోడ్డు మీదుగా పోతోంది. డ్రైవరుకు గోడ సందులోంచి బాయి హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు కుప్పగా పడి ఉండటం కనిపించింది. విజిల్స్, అరుపులు వినిపించాయి. అతను ఫోను తీశాడు.

కాసేపటికి సైరను వినిపించింది. ఆ కాలనీలో సైరను మోగితే ఎవరూ ఎందుకని అడగరు, ముందు పరుగెత్తుతారు. బాయి ప్రమాదాలకు వచ్చే రెస్క్యూ వ్యాను లోపలికి వచ్చింది. దాని వెనక ఇళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చారు. పొయ్యి మీది గరిటె చేతిలోనే ఉన్న ఒక ముసలమ్మ, కొడుకు పేరు పిలుస్తూ కుప్ప దగ్గర కూలబడింది. లచ్చిరాం మైకు పట్టుకుని, "ఎవ్వరికీ ఏం కాలేదమ్మా! ఆట! గిది ఆట! నీ కొడుకు నవ్వుతున్నడు చూడు" అని గొంతు పోయేలా అరిచాడు.

రెస్క్యూవాళ్ళు ఒక్కొక్కరినీ లేపారు. మట్టి కొట్టుకుపోయిన మొహాలు, ఊడిన బొత్తాలు, నవ్వులు. ముసలమ్మ కొడుకు బయటికి రాగానే ఆమె అతని వీపు మీద గరిటెతో ఒకటి వేసి, తరువాత ఏడ్చింది. అన్నిటికీ అడుగున బద్యా ఉన్నాడు. బంతి పొట్ట కింద ఉంది. పొట్ట గీతకు అవతల ఉంది.

"బావా, ఆరేనా?" అన్నాడు.

ముప్పై నాలుగు, ముప్పై నాలుగు. లచ్చిరాం మైకులో, "మ్యాచ్ బరాబర్" అని చెప్పి, ఎవరూ కట్టె మీదుగా తన్నడం గుర్తుచేయకముందే మైకు తీగ పీకేశాడు. రెస్క్యూ ఇంచార్జి "పిలిచిందెవరు?" అని గద్దించేసరికి మేనేజరు టై సరిచేసుకుని, "మాక్ డ్రిల్. మీరు మంచిగ జల్దీ వచ్చిన్రు, శెభాష్" అన్నాడు.

ఇంట్లో పొయ్యి వెలిగింది కాని, రూప్లి వడ్డించిన కూరలో ముక్కలన్నీ బద్యా పళ్ళెంలోకే వెళ్ళాయి. భాను ఆ వీడియో చూసి, "డాడీ, నువ్వు అమెరికన్ ఫుట్‌బాల్ అని చెప్పలే, మామూలుది అని కూడా చెప్పలే" అంది. ఫుట్‌బాల్‌లో రెండు రకాలున్నాయని లచ్చిరాం వినడం అదే మొదలు.

ఎవరో తీసిన ఆట వీడియో మర్నాటికల్లా ఫోన్లలో కూసుమంచి నుంచి చర్ల దాకా తిరిగింది. బుధవారం మేనేజరు పిలిపించాడు. మెమో తప్పదనుకుని లచ్చిరాం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వెళ్ళాడు. మేనేజరు ఫోను అతని చేతికిచ్చాడు. హైదరాబాదు నుంచి ఎవరో ఆటల సంఘం పెద్దమనిషి.

"నమస్తే లచ్చిరాం గారూ! మీ వీడియో చూశాం. రాష్ట్రంలో అమెరికన్ ఫుట్‌బాల్ పెట్టాలని మేము ఎన్నాళ్ళుగానో తంటాలు పడుతున్నాం. మీ దగ్గర ఏకంగా రెండు జట్లున్నాయట. ఎన్నేళ్ళుగా ఆడిస్తున్నారు?"

"ఆదివారం నుంచి సార్."

"అయినా ఫర్వాలేదు. మిగతావాళ్ళకంటే మీరే సీనియరు. వచ్చే నెల మీరొచ్చి మా వాళ్ళకు రూల్స్ నేర్పాలి."

లచ్చిరాం మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఘనంగా తలూపాడు. లచ్చిరాం ఇప్పుడు రాష్ట్ర కోచ్. హైదరాబాదుకు బదిలీ వస్తుందేమోనని మాత్రమే రూప్లి భయపడుతోంది.