ఆసుపత్రి హాల్లో పూసిన పువ్వు

మా ఆసుపత్రిలో రోగులు గంటల తరబడి కూర్చోవలసి వచ్చే సమస్య సంపూర్ణంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కూర్చోవడం తగ్గలేదు. చూడముచ్చటగా మారింది.

ఇదివరకు హాలు గోడ మీద టోకెన్ నంబర్లు వెలిగేవి. జనం ముందు నంబరు చూసేవారు, తర్వాత గడియారం, ఆపైన గుమాస్తాను చూసేవారు. ఆ మూడో చూపు బాగుండేది కాదు. అందుకని సూపరింటెండెంటు గారు ఒక డిజైనరు అమ్మాయిని పిలిపించారు. ఆమె చేత్తో బొమ్మ గీయదు. బొమ్మ తనంతట తాను ఎలా గీసుకోవాలో కంప్యూటరుకు కోడ్ రాసి చెబుతుంది. టోకెన్ తీసుకున్న ప్రతి మనిషికీ తెర మీద ఒక రేకు విచ్చుకుంటుంది. మనిషి ఎంతసేపు కూర్చుంటే రేకు అంత పొడుగు, అంత ఎరుపు. డాక్టరు పిలిచి, మనిషి గదిలోకి వెళ్లగానే రాలిపోతుంది. పువ్వు మరీ పెద్దదైతే ఎవరో ఒకరు చూసి ఇంకో డాక్టర్ని వేస్తారని ఆమె ఆశ. చిన్నపిల్ల, పాపం.

పువ్వు జనానికి తెగ నచ్చింది. వైద్యం చకచకా జరిగిన రోజున అది బక్కచిక్కి, చూసేవాళ్లకు దిగులేసేది. సూపరింటెండెంటు గారి మనసు చివుక్కుమంది. పిలుపులు కాస్త నిదానించాలని నోటిమాటగా ఆదేశించారు. డాక్టరు గారు తలుపేసుకుని టీ తాగుతూ కళకు సహకరించారు.

తనిఖీ బృందం వచ్చిన రోజున పువ్వు గోడంతా పరుచుకుంది. అందులో అన్నిటికన్నా ఎర్రని రేకు ఆ అమ్మాయి తండ్రిది. ఆయాసంతో పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆయన పెదాలు నీలం తిరిగాయి.

"సార్, నాన్నకి ఊపిరి అందట్లేదు. ముందు ఆయన్ని లోపలికి పంపండి" అందామె సూపరింటెండెంటు గారితో.

"పంపితే మధ్యలో సందు పడుతుంది కదమ్మా. మీరు చేసిన పువ్వే, మీకు నేను చెప్పాలా?"

"ఆ చోట ఉత్తుత్తి రేకు ఒకటి పెడతాను సార్."

సూపరింటెండెంటు గారు నొచ్చుకున్నారు. "దొంగ లెక్కలా? ఇక్కడ ప్రతి రేకు వెనకా నిజమైన రోగి ఉండాలి. ఆ విషయంలో మాత్రం నేను రాజీపడను."

నిప్పులాంటి మనిషి.

ఆమె తండ్రిని లేవదీసి, డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి తీసుకుపోయింది. రేకు రాలింది. హాలు గొల్లుమంది.

"మేమంతా ఓర్చుకోవట్లేదా? ఆయనొక్కడికే వచ్చిందా రోగం?" అన్నాడు కాలికి కట్టుతో పొద్దుటినుంచీ కూర్చున్న ఒకాయన.

పువ్వు చూసి పోదామని వచ్చిన ఒక ఆరోగ్యవంతుడు సమయానికి ముందుకొచ్చి, టోకెన్ తీసుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. సందులో లేత రేకొకటి తొంగిచూసింది. తనిఖీ అధికారి మురిసిపోయారు. చప్పట్లు మిన్నంటాయి.

లోపల డాక్టరు గారు అప్పుడే స్టెతస్కోపు తీశారు. చప్పట్లు వినగానే, "ఒక్క నిమిషం పెద్దాయనా, ఏంటో చూసొస్తాను" అని బయటికి వచ్చి, అందరితో పాటు నిలబడిపోయారు. వెనక నుంచి ఆ అమ్మాయి పిలుస్తూనే ఉంది.

డాక్టర్ని తప్పు పట్టకండి. ఆ సమయంలో తెర వైపు ఎత్తిన ఫోను దించి గదిలోకి చూసినవాళ్లు హాల్లో ఒక్కరూ లేరు. ఆ ఫోటో మీకూ వచ్చే ఉంటుంది. ఎంత బాగుందో అని మీరూ నలుగురికీ పంపే ఉంటారు.