బిల్లు పడని రెండు రింగులు

"విమానం పోలేదు. విమానం గురించిన సమాచారం మాత్రమే పోయింది. దాన్ని ఆకాశంలోంచి దించి ప్రజల చేతిలో పెడతాను" అని తీరాభివృద్ధి శాఖ మంత్రి గంగాధరరావుగారు విశాఖపట్నంలో ప్రకటించారు. ఆ మాట అంటూ చూపుడు వేలు పైకెత్తారు. విలేకరులందరూ పైకి చూశారు. నేనూ చూశాను. నాకు ఎండ తప్ప ఏమీ కనపడలేదు గానీ మంత్రిగారికి కనపడే ఉంటుంది. అంత పెద్దవారు ఊరికే వేలెత్తరు కదా.

ఆ విమానంలో మా అబ్బాయి మోహనకృష్ణ ఉన్నాడు. మంత్రిగారు శంకుస్థాపనలు చెయ్యబోయే చోట్లన్నీ పైనుంచి ఫొటోలు తియ్యడం వాడి ఉద్యోగం. పైలటూ వాడూ కలిసి చిన్న విమానంలో భీమిలి వైపు వెళ్లారు. మధ్యాహ్నానికి విమానానికీ నేలకీ మాట తెగింది. సాయంత్రం టీవీలో అడుగున అక్షరాలు పరిగెత్తాయి.

నా సంగతి గాజువాకలో అందరికీ తెలుసు. మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి రావడం కాస్త ఆలస్యమైతే బస్టాపు దాకా పోయి, ఏదైనా అంబులెన్సు వెళ్లిందా అని పకోడీల బండివాణ్ణి అడిగే మనిషిని. దగ్గితే క్షయ అనుకుంటాను. గాలి వేస్తే తుఫాననుకుంటాను. అలాంటిదాన్ని ఆ సాయంత్రం ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి ఆపేశాను. ఎందుకంటే మా ఇంట్లో ఫోను మోగింది. పరిగెత్తి చెయ్యి వేసేలోపు రెండు రింగులకి ఆగిపోయింది.

అది మా ఇంటి పద్ధతి. వాడు ఎక్కడికి వెళ్లినా చేరగానే రెండు రింగులిచ్చి పెట్టేస్తాడు. నేను ఎత్తను. ఎత్తితే బిల్లు. రెండు రింగులంటే 'అమ్మా, నేల మీదే ఉన్నాను, భయపడకు' అని. విమానంలో వాళ్లకిచ్చిన సాటిలైట్ ఫోనుకి ఈ పద్ధతి మరీ అవసరం. ఇంటి కబుర్లకు వాడితే జీతంలో కోత అని డిపార్టుమెంటు సర్క్యులర్ ఉంది. మావాడికి ప్రాణం మీదికి వచ్చినా సర్క్యులర్ మరిచిపోయే అలవాటు లేదు.

మంత్రిగారు వెంటనే విచారణ కమిటీ వేశారు. చైర్మన్‌గా రిటైరైన ఆఫీసరు భీమశంకరరావుగారిని పెట్టారు. ఆయన ఇంతకుముందు ఒక వంతెన ఎందుకు కూలిందో విచారించి, అసలు అక్కడ వంతెనే లేదని తేల్చిన మేధావి. నేను వెళ్లి రింగుల సంగతి చెప్పాను. మంత్రిగారి పి.ఏ. ఎల్లారావు పక్కనే ఉన్నాడు.

"ఏటమ్మా, మాటాడినాడా మీవోడు?"

"మాటాడ్నేదు బావూ. రెండు రింగులిచ్చినాడు."

"మరి మీవోడేనని ఎలాగ తెలిసింది?"

"మూడోది ఇవ్వనేదు కదా!"

చైర్మన్‌గారు కళ్లజోడు సర్దుకుని రాయించారు: "సాక్షి పుట్టుకతో భయస్తురాలు. ప్రస్తుతం భయపడటం లేదు. కనుక ఆమె మానసిక స్థితి ఆందోళనకరం." ఆ తర్వాత నా మీద దయతలచి, మా ఫోనును కీలక సాక్ష్యంగా గుర్తించారు. ఆ ఫోను కనెక్షన్ కోసం మేము అప్లికేషన్ పెట్టినప్పుడు మావాడు నిక్కర్లు వేసుకునేవాడు. అది వచ్చేసరికి కాలేజీలో చేరాడు. అలాంటిది ఒక్క పూటలో ఫోనూ, లైనూ, అదే నంబరూ కమిటీ హాల్లోకి మారిపోయాయి. గవర్నమెంటు తలుచుకుంటే చెయ్యలేనిది లేదని ఆ రోజు నమ్మకం కుదిరింది.

ఫోనును అద్దాల పెట్టెలో పెట్టి, తాళం వేసి, పైన లక్క సీలు వేశారు.

"వాడు మళ్లీ రింగిస్తేనో అయ్యా?" అన్నాను.

"అందుకేనమ్మా సీలు," అన్నారు చైర్మన్‌గారు. "ఎవరూ ఎత్తి సాక్ష్యాన్ని పాడుచెయ్యకుండా."

తర్వాత పై దేశం నుంచి సాటిలైట్ కంపెనీవాళ్ల రికార్డులు ఒక అట్టపెట్టెలో వచ్చాయి. ఆ అట్టపెట్టెకు మంత్రిగారు స్వయంగా కొబ్బరికాయ కొట్టారు. లోపల రెండు కట్టలున్నాయి. బిల్లు పడిన కాల్స్ ఒక సన్న కట్ట. మోగి, ఎవరూ ఎత్తక బిల్లు పడనివి ఒక లావు కట్ట. ప్రతి దాని పక్కనా ఆ సమయానికి సాటిలైట్ ఫోను భూమ్మీద ఎక్కడుందో అంకెల్లో వేసి ఉందట.

కమిటీ సన్న కట్టను రేయింబవళ్లు చదివింది. ఆ రోజు బిల్లు పడిన కాల్ ఒకటే. విమానం ఎగరకముందు ఎల్లారావు ఆ ఫోను తీసుకుని పెందుర్తిలో ఉన్న వాళ్ల బావతో మాట్లాడినది. చాలాసేపు మాట్లాడాడు కాబట్టి ఇది చాలా బలమైన ఆధారమని చైర్మన్‌గారు మెచ్చుకున్నారు.

"ఏం మాట్లాడావు?"

"ఏటుందండి, 'బావా, నాను సాటిలైట్నుంచి మాటాడతన్నాను' అన్నానండి. ఆడు నమ్మనేదండి. నమ్మినాక పెట్టీసినాను."

ఆ కాల్ చేసిన చోటు ఎయిర్‌పోర్టు. కనుక విమానం ఆఖరిసారి ఉన్నది ఎయిర్‌పోర్టులోనే. కనుక వెతకవలసిందీ అక్కడే. సముద్రం మీద గాలింపు ఆపించి, కమిటీ మొత్తం ఎయిర్‌పోర్టులో దిగింది. క్యాంటీను, సైకిల్ స్టాండు, మొక్కలకు నీళ్లు పట్టే తొట్టి, అన్నీ గాలించారు. ఇంత శ్రద్ధగా వెతకడం నేనెక్కడా చూడలేదు.

నాకు తోడుగా మా వీధిలో చేపలమ్మే పోతమ్మ వచ్చింది. ఒక మధ్యాహ్నం మేమిద్దరం కమిటీ హాల్లో కూర్చుని ఉండగా కరెంటు పోయింది. ఎల్లారావు మంచివాడు. లావు కట్టలోంచి తలా ఒక కాగితం ఇచ్చి విసురుకోమన్నాడు. విసురుకుంటూ చూద్దును కదా, నా కాగితం మీద మా ఫోను నంబరు! పక్కన విమానం పోయిన తారీఖు, సాయంత్రం టైము, ఆ పక్కన చుక్కలతో పొడుగాటి అంకెలు.

"ఇదిగో అయ్యా! మావోడి రింగులు! ఎక్కడున్నాడో కూడా రాసుంది!" అని లేచాను.

చైర్మన్‌గారు ఎల్లారావు వైపు తిరిగారు. "బిల్లుందా?"

"నేదండి."

"చూడమ్మా, గవర్నమెంటు డబ్బు కట్టని కాల్ గవర్నమెంటు దృష్టిలో కాల్ కాదు. ఇవాళ మీ రెండు రింగులు ఒప్పుకుంటే, రేపు దేశంలో మిస్డ్ కాల్స్ అన్నీ ఒప్పుకోవాలి. ఖజానా ఏమైపోవాలి?"

పోతమ్మ గంప పక్కన పెట్టి లేచింది. "బావూ, నీ కజానా జోలికి మాము రాం. ఆ అంకెల్ని బట్టి ఏ దిక్కో సెప్పు సాలు. మావోళ్లు బోట్లు కట్టుకుని ఒడ్డునే ఉన్నారు. నీకు డీజిలు కూడా అడగం."

"అది రహస్య పత్రం. బయటివాళ్లకు చూపకూడదు."

"మరిందాకట్నుంచీ దాంతోటే కదా ఇసురుకుంతన్నాం!"

"విసురుకోవచ్చు. చదవకూడదు."

కరెంటు రాగానే కాగితాలన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. రహస్యం విషయంలో వాళ్లు చాలా గట్టివాళ్లు.

ఆఖరికి మంత్రిగారు అదే హాల్లో సభ పెట్టారు. మావాడి ఫొటోకీ పైలటు ఫొటోకీ దండలు ముందే వేసి ఉంచారు. అద్దాల పెట్టెకు కూడా ఒక దండ వేశారు.

"సాటిలైట్ రికార్డులను సంపూర్ణంగా పరిశీలించాం. విమానం ఎగిరాక ఒక్క కాల్ కూడా లేదు. ఇంతటితో గాలింపు ముగిస్తున్నాం. అమరవీరుల పేరిట బీచ్ రోడ్డులో శిలాఫలకం వేస్తాం. దానికి శంకుస్థాపన నేనే చేస్తాను," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టబోయి ఆగారు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు.

అందరూ తలలు వంచారు. కెమెరాలు తిరుగుతున్నాయి. హాలంతా నిశ్శబ్దం.

పెట్టెలో ఫోను మోగింది.

ఒకటి.

రెండు.

ఆగిపోయింది.

"మోగింది బావూ! రెండే! పెట్టె తియ్యండి, తాళం తియ్యండి!" అని అరిచాను. ఎల్లారావు నా చెయ్యి పట్టుకున్నాడు. "నిలబడమ్మా, టీవీలో వొస్తన్నాం."

మంత్రిగారు ఒక కన్ను తెరిచి వాచీ చూసుకున్నారు.

"మౌనానికి రెండుసార్లు భంగం కలిగింది. ఫోను వల్ల ఒకసారి, తల్లి వల్ల ఒకసారి. మళ్లీ మొదటినుంచి మొదలెట్టండి," అన్నారు.

అందరూ మళ్లీ తలలు వంచారు. పెట్టె మీద లక్క సీలు మాత్రం చెక్కు చెదరలేదు.